ఇరవయ్యో రోజు హాజరు

ఆ కాలేజీలో ఏటా రెండుసార్లు పిజ్జా పండగ వస్తుంది. కేలండర్‌లో దానికి పేరు లేదు. తరగతులు మొదలైన ఇరవయ్యో రోజున బల్లల ముందు ఎందరు కూర్చుని ఉంటే అందరి పేరిటే రాజధాని నుంచి డబ్బు వస్తుంది. ఇరవై ఒకటో రోజున వాళ్ళు ఏ గంగలో దూకినా రాష్ట్రానికి పట్టదు. అందుకని ఆ వారం ఆఫీసువాళ్ళు అధ్యాపకులకు ఒక్కొక్కరికీ ఒక జాబితా ఇస్తారు. మానేసినవాళ్ళకు ఫోన్లు చేసి, బతిమాలి, ఆ ఒక్క పూటకు రప్పించాలి. వచ్చినవాళ్ళకు వేడివేడి పిజ్జా.

వెర్నా ఓల్‌స్టెడ్ ఇరవై మూడేళ్ళలో ఒక్క ఫోనూ చెయ్యలేదు. "నా గదికి జనం లెక్కల కోసం వస్తారు, జున్ను కోసం కాదు" అని జాబితాను చెత్తబుట్టలో పడేసేది. అందులో కాస్త గర్వం ఉన్న మాట నిజమే. కానీ ఆ గర్వానికి కారణమూ ఉంది. నూట పద్నాలుగో గదిలో ఇరవయ్యో రోజున ఎందరుండేవారో, అరవయ్యో రోజునా దాదాపు అంతమందే ఉండేవారు.

ఆ గదిలో వెర్నా చెప్పేది కాలేజీ లెక్కలు కావు, కాలేజీ లెక్కల దాకా చేర్చే లెక్కలు. వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళు. ఊరి చివర మాంసం ఫ్యాక్టరీలో పశువులను కోసేవాళ్ళు, ధాన్యం లారీలు తోలేవాళ్ళు, మనవలు పుట్టాక చదువు గుర్తొచ్చినవాళ్ళు. భిన్నాలంటే అందరికీ హడలు. మొదటిరోజు వెర్నా బోర్డు జోలికి పోయేది కాదు. చచ్చిపోయిన మొగుడి సాకెట్ల పెట్టె తెచ్చి, బోల్టులు బిగించే ఆ సాకెట్లన్నీ బల్లమీద కుమ్మరించి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చమనేది. మూడు బై ఎనిమిది పెద్దదా, ఏడు బై పదహారు పెద్దదా అని నోటితో అడిగితే తెల్లమొహం వేసే మనిషే, ఇనుము చేతిలో పెడితే రెప్పపాటులో పేర్చేవాడు. అప్పుడు ఒక్కోదాని మీద చెక్కిన అంకె చదివించేది. "చూశారా, మీ చేతులకు వచ్చిందే మీ బుర్రకు రాదని ఎవరో అబద్ధం చెప్పారు. వాళ్ళ మాట మర్చిపోండి" అనేది. చాలామందికి చదువు అక్కడ మొదలయ్యేది.

ఆ ఏడు జనవరిలో శాసనసభలో సూటి దారి బిల్లు అని ఒకటి పెట్టారు. పేరు ముచ్చటగానే ఉంది. హైస్కూల్లో నేర్పాల్సింది కాలేజీలో నేర్పడానికి ఇకమీద రాష్ట్రం పైసా ఇవ్వదు. చేరినవాళ్ళంతా మొదటిరోజే కాలేజీ ఆల్జీబ్రాలో కూర్చోవాలి. వెనకబడ్డవాళ్ళకు వారానికి గంటసేపు కంప్యూటర్ సాయం చేస్తుంది.

వెర్నా ఆ కాగితం పట్టుకుని తిన్నగా ప్రెసిడెంటు గదికి వెళ్ళింది. వేలన్ ప్రూయిట్ ఒకప్పుడు ఆమె పక్కగదిలో చరిత్ర చెప్పినవాడే. ప్రెసిడెంటయ్యాక చరిత్ర మర్చిపోయాడు.

"కాలేజీ తరఫున ఎవరు వెళ్ళి మాట్లాడుతున్నారు?" అంది.

"చూడు వెర్నా..." వేలన్ నీళ్ళు నమిలాడు. "ఈ బిల్లుకి మనం అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు. తటస్థం అని రాసిచ్చాం."

"తటస్థమా? నా గదికి తాళం వేస్తుంటే తటస్థమా?"

"కొత్త వెల్డింగ్ భవనం కూడా ఈ బడ్జెట్‌లోనే ఉంది. కమిటీ చైర్మన్ హాకెట్టే దాన్ని పెట్టించాడు. ఇప్పుడు ఆయన బిల్లుకే అడ్డుపడితే ఏం బావుంటుంది చెప్పు?"

"ఆ భవనంలో చేరేవాడికి ఐదు బై ఎనిమిది అంటే ఏంటో ఎవరు చెప్తారు వేలన్? గోడలు చెప్తాయా?"

"నువ్వు వెళ్తానంటే నేను ఆపను. సెలవు పెట్టుకో, నీ కారులో వెళ్ళు, నీ నోటితో మాట్లాడు. కాలేజీ పేరు మాత్రం ఎత్తకు."

గోడమీద పిల్లిని చూసినా అంత అసహ్యం వేసేది కాదు వెర్నాకు. సెలవుచీటీ అక్కడికక్కడే రాసి బల్లమీద పడేసి వచ్చింది.

తాను మాట్లాడితే ఉద్యోగం కోసం ఏడుస్తోందంటారు. విద్యార్థి మాట్లాడాలి అనుకుంది. అలా అనుకోగానే డెల్ఫీనా క్వింటెరో గుర్తొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పదకొండేళ్ళు ఫ్యాక్టరీ లైనులో నిలబడి మాంసం కోసింది. నూట పద్నాలుగో గదిలో రెండు టర్ములు కూర్చుంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, మందుల మోతాదు లెక్కల పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంది.

అడగ్గానే ఒప్పుకుంది. "నాకోసం కాదు మిస్. మా అన్న కోసం వస్తాను" అంది.

అన్న పేరు ఎలీసియో. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది అతనే. నలభై మూడేళ్ళవాడు, ఇంకా ఆ లైనులోనే కత్తి పట్టుకుని ఉన్నాడు. పొద్దున్న లేచేసరికి కుడిచేతి వేళ్ళు వాచిపోయి ముడుచుకోవు, వేడినీళ్ళలో పావుగంట పెడితేగాని కప్పు పట్టుకోలేడు. ఆ చెయ్యి మహా అయితే ఇంకో రెండేళ్ళు పనిచేస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఫ్యాక్టరీలోనే శీతలయంత్రాల మెకానిక్ పని ఉంది. అందులో కత్తి లేదు, చలిలో పదిగంటలు నిలబడడం లేదు. దానికి ఈ కాలేజీ సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి ముందు లెక్కలు కావాలి. ఆగస్టులో అతనికి పగటి షిఫ్టు వస్తుంది. సాయంత్రం క్లాసుకి రావచ్చు.

"ఆరో తరగతిలో మానేశాడు మిస్, నన్ను చూసుకోడానికి. ఆగస్టుదాకా మీ క్లాసు ఉంటే చాలు" అంది డెల్ఫీనా.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెర్నా వంటింట్లో ఇద్దరూ కూర్చుని ప్రసంగం తయారుచేశారు. డెల్ఫీనా ఐదు కాగితాలు రాసుకొచ్చింది. మొదటిరోజు సగంలో సగమెంతో తెలియక బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చిన సంగతి, సాకెట్ల పెట్టె, రెండు టర్ములు ఎలా గడిచాయో, చివర్లో నర్సింగ్. అన్నీ ఉన్నాయి. పొయ్యిమీది టైమరు పెట్టి చదివిస్తే మూడు నిమిషాల పది సెకన్లు వచ్చింది. కమిటీ ముందు ఒక్కొక్కరికీ రెండే నిమిషాలు.

వెర్నా ఎర్రకలం తీసింది. "ఏడుపు కథలు వాళ్ళు రోజూ వింటారమ్మాయ్. గెలుపు ముందు చెప్పు. నర్సింగ్, నూటికి నూరు, అదంతా ముందు. మన గది సంగతి చివర్లో."

"గది గురించేగా మిస్ మనం వెళ్ళేది? అదే ముందు చెప్తే?"

"ముందు వాళ్ళు నిన్ను చూసి తలెత్తాలి. తల ఎత్తాక మన మాట చెవికెక్కుతుంది. నా మాట విను."

డెల్ఫీనా టీచరు మాట వినే మనిషి. కాగితాలు తిరగరాసింది. ఈసారి సరిగ్గా రెండు నిమిషాలు వచ్చింది. వెర్నా తనని తానే మెచ్చుకుని, ఇద్దరికీ ఇంకో ముక్క కేకు కోసింది.

రాజధాని మూడున్నర గంటల ప్రయాణం. రోడ్డుకి రెండువైపులా మంచు, మధ్యలో పశువుల దొడ్ల కంపు. మూడో అంతస్తులో కమిటీ గది. సాక్షుల బల్లమీద చిన్న దీపాల డబ్బా. మాట్లాడుతుంటే ఆకుపచ్చ, అర నిమిషం మిగిలితే పసుపు, అయిపోతే ఎరుపు.

డెల్ఫీనా కంటే ముందు ఒక పెద్దమనిషి మాట్లాడాడు. రాజధానిలోనే ఏదో విధానాల సంస్థవాడు, ఖరీదైన సూటు. ఎర్రదీపం వెలిగాక కూడా ఇంకో నాలుగు నిమిషాలు పటాలు చూపించాడు. మధ్యలో ఒక జోకు వేస్తే సభ్యులు నవ్వారు కూడా. ఆ తర్వాత కంప్యూటర్ పాఠాలు అమ్మే కంపెనీవాడు వచ్చాడు. అతనూ అంతే. దీపం సంగతి అసలు ఎవరూ పట్టించుకోలేదు.

డెల్ఫీనా వంతు వచ్చింది. చైర్మన్ లైల్ హాకెట్‌ది తెల్లజుట్టు, తాతగారి నవ్వు. పేరు నమోదుకోసం ఇంటిపేరు అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. గుమాస్తాకి వినపడలేదు, మళ్ళీ చెప్పింది. ఆకుపచ్చదీపం అప్పటికే వెలుగుతోంది.

పదకొండేళ్ళు లైనులో పనిచేశానంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతున్నానంది. మోతాదు లెక్కల్లో నూటికి నూరు అంది. సభ్యులు నిజంగానే తలెత్తారు. వెనక వరసలో కూర్చున్న వెర్నా గుండె పొంగింది. పసుపుదీపం వెలిగింది.

"ఇదంతా ఎలా జరిగిందంటే, మా కాలేజీలో నూట పద్నాలుగో గది అని ఒకటుంది. నేను అక్కడికి వెళ్ళేసరికి నాకు..."

ఎర్రదీపం వెలిగింది.

డెల్ఫీనా నోరు టక్కున మూసుకుంది. రెండు చేతులూ బల్లమీంచి తీసి, అరచేతులు కనబడేలా భుజాల ఎత్తుకు లేపి, అలాగే ఉండిపోయింది.

"చెప్పు! చెప్పెయ్యి, ఎవరూ ఏమీ అనరు!" వెర్నా వెనకనుంచి గుసగుసలాడింది. డెల్ఫీనా కదల్లేదు.

చైర్మన్ మైకు దగ్గరకి లాక్కున్నాడు. "అమ్మా, మనసు నిండిపోయింది. మా బిల్లు ఉద్దేశం ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు? చూడండి, మాంసం ఫ్యాక్టరీ నుంచి నేరుగా నర్సింగ్‌కి! నూటికి నూరు! ఇలాంటివాళ్ళనా మనం రెండేసి టర్ములు వెనకబెంచీల్లో కూర్చోబెడుతున్నది? వాళ్ళ సత్తా మీద మనకు ఆమాత్రం నమ్మకం లేదా?"

చప్పట్లు మోగాయి. వెర్నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"అయ్యా, ఆమెని రెండు టర్ములు కూర్చోబెట్టింది నేనే. అలా కూర్చుంది కాబట్టే..."

"మీ పేరు ఇచ్చారా మేడమ్?"

"ఇవ్వలేదు, కానీ..."

"జాబితా మూసేశాం మేడమ్. రాసి పంపండి, తప్పకుండా చదువుతాం." మాటలో ఎక్కడా విసుగు లేదు. అంత మర్యాదగా నోరు నొక్కడం అందరికీ చేతకాదు.

బయట వరండాలో హాకెట్ వచ్చి డెల్ఫీనాతో చెయ్యి కలిపాడు. ఒకమ్మాయి ఫోటో తీసుకుంటానంటే డెల్ఫీనా నవ్వుతూ నిలబడింది.

తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి, ఇంటినుంచి తెచ్చిన బురిటో రొట్టెచుట్టలు విప్పారు. డెల్ఫీనా మొహం వెలిగిపోతోంది.

"బాగా చెప్పానా మిస్? అందరూ చప్పట్లు కొట్టారు!"

వెర్నా తనది మళ్ళీ కాగితంలో చుట్టేసింది. "బాగానే చెప్పావు. మరి ఆగిపోయావేం? ముందువాళ్ళు ఎంతసేపు వాగారో చూశావుగా."

"ఎర్రదీపం కదా మిస్." అదేం ప్రశ్న అన్నట్టు చూసింది డెల్ఫీనా. "లైనులో ఎర్రదీపం వెలిగితే కత్తి వదిలేసి చేతులు పైకెత్తాలి. మొదటిరోజు నేర్పేది అదే. మా పక్కావిడ ఒకసారి, ఉన్న ఒక్క ముక్కా కోసేద్దామని ఆగలేదు."

"ఏమైంది?"

"రెండు వేళ్ళు పోయాయి."

వెర్నా కారు స్టార్టు చేసింది. గది సంగతి చివరికి తోసింది ఎవరు? ఆ పిల్ల ముందే చెప్తానంది. ఇరవై మూడేళ్ళుగా ఎర్రకలం పట్టుకున్న చెయ్యి, అందరికంటే తనకే తెలుసనుకుంది. కారు నడుపుతున్నంతసేపూ తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

ఊరు దగ్గరపడుతుండగా డెల్ఫీనా మెల్లగా అడిగింది. "ఆగస్టుకి క్లాసు ఉంటుందిగా మిస్? ఎలీసియోకి చెప్పనా?"

"ఉంటుంది. చెప్పు" అంది వెర్నా. అంతకంటే పెద్ద అబద్ధం ఆమె తన గదిలో ఎన్నడూ ఆడలేదు.

మార్చిలో బిల్లు నెగ్గింది. ఏప్రిల్లో ఇంటింటికీ హాకెట్ కరపత్రాలు వచ్చాయి. మొదటి పేజీలో డెల్ఫీనా నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలతో, 'ఫ్యాక్టరీ నుంచి నేరుగా నర్సింగ్‌కి. ఇదే సూటి దారి.'

డెల్ఫీనా ఆ కరపత్రం పట్టుకుని నూట పద్నాలుగో గదికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేరుగా అని నేను ఎప్పుడన్నాను మిస్? నా మొహం పెట్టుకుని నేననని మాట నాచేత అనిపించారు. ఇది చూసి మా అన్న ఏమన్నాడో తెలుసా? 'నీ ఫోటో ఎంత బావుందే' అని గోడకి అంటించుకున్నాడు."

వెర్నా చైర్మన్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మూడు వారాలకి అచ్చుకార్డు వచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని ఉంది దానిమీద. వెల్డింగ్ భవనానికి మే నెలలో పునాది తవ్వారు. వేలన్ తలకి పసుపు టోపీ పెట్టుకుని ఫోటో దిగాడు.

ఆగస్టుకల్లా నూట పద్నాలుగులో పాత బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. తలుపుమీద విజయ కేంద్రం అని రాశారు. వెర్నా ఉద్యోగం పోలేదు. అదే గదిలో సాయంత్రం ఐదున్నరకి కాలేజీ ఆల్జీబ్రా చెప్పమన్నారు. సాకెట్ల పెట్టెని తీసుకెళ్ళి ఇంట్లో గరాజులో పడేసింది.

మొదటిరోజు ఎలీసియో వచ్చాడు. తల తడిపి దువ్వుకున్నాడు, కొత్త నోటుపుస్తకం తెచ్చుకున్నాడు. ముందు వరసలో కూర్చుని చుట్టూ చూశాడు.

"సాకెట్ల పెట్టె ఏది మిస్? మా చెల్లెలు చెప్పింది, ముందు దాంతోనే మొదలెడతారని."

"ఆ క్లాసు తీసేశారు ఎలీసియో. ఇది వేరే."

"ఫర్వాలేదు మిస్. మీరే కదా చెప్పేది."

ఎనిమిది రోజులు వచ్చాడు. బోర్డుమీద ఎక్స్‌లూ వైలూ వర్గమూలాలూ పరిగెత్తుతుంటే, వాచిన వేళ్ళతో అన్నీ పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు, ఒక్కటీ అర్థం కాకపోయినా. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే అది ఇరవై ప్రశ్నలు వేసి, మీరు తప్పు అని ఇరవైసార్లు చెప్పింది. ఆదివారాలు మా ఇంటికి రా, నేను చెప్తాను అంది వెర్నా. అతను తల ఊపాడు. రాలేదు. ఒకరి ఇంటిమీద పడి చదువుకోవడం అతనికి చేతకాదని డెల్ఫీనా చెప్పింది. తొమ్మిదో రోజునుంచి ముందు వరసలో కుర్చీ ఖాళీ.

ఇరవయ్యో రోజు గురువారం పడింది. మంగళవారంనాడు ఆఫీసు నుంచి జాబితా వచ్చింది, వెంటనే వేలన్ కూడా వచ్చాడు.

"నీ సెక్షన్‌లో పద్నాలుగురే మిగిలారు వెర్నా. కొత్త నిబంధన తెలుసుగా, పదిహేను లేకపోతే సెక్షన్ రద్దు. ఉన్న పద్నాలుగురూ ఈ టర్ము నష్టపోతారు. ఒక్కరు చాలు. ఒక్కసారి ఫోన్ చెయ్యి."

వెర్నా జాబితాని చెత్తబుట్టవైపు తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది. పద్నాలుగు మొహాలు కళ్ళముందు ఉన్నాయి. తొమ్మిదిమందికి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. పదోపేరు ఎలీసియో. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎలీసియో, గురువారం సాయంత్రం రాగలవా? ఐదున్నరకి."

"క్లాసుకా మిస్?" అడిగాడు అతను. "మీ క్లాసు మళ్ళీ పెట్టారా?"

కాదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అలా చెప్తే అతను రాడు.

"నువ్వు రా. వచ్చాక మాట్లాడుకుందాం" అంది.

గురువారం ఐదుంబావుకే గది నిండా పిజ్జా వాసన. ఆఫీసు అమ్మాయి హాజరుపట్టీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఎలీసియో షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక చేతిలో పాత నోటుపుస్తకం, రెండో చేతిలో తుప్పుపట్టిన రేకుపెట్టె. ముందు వరసలో తన కుర్చీలో కూర్చుని, పెట్టె తెరిచి, సాకెట్లన్నీ కీబోర్డు పక్కన కుమ్మరించాడు. వాచిన వేళ్ళతో ఒక్కొక్కటే తీసి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

"మీ పెట్టె ఇంట్లో ఉందేమోనని నాది తెచ్చాను మిస్. మొదలెడదామా?"

"పదిహేను వచ్చేశారు మేడమ్!" అంది ఆఫీసు అమ్మాయి, పట్టీలో టిక్కు పెడుతూ. ఎలీసియో ముందు ఒక పేపర్ ప్లేటు పెట్టింది. "తీసుకోండి సర్, మీకే."

వెర్నా అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ క్లాసు లేదు ఎలీసియో. ఇవాళ తలలు లెక్కపెట్టే రోజు. ఒకరు తక్కువైతే సెక్షన్ తీసేస్తామన్నారు. అందుకని పిలిచాను."

అతను పిజ్జా వైపు చూశాడు. గోడకి తగిలించిన చెల్లెలి ఫోటో వైపు కూడా చూశాడు, కాలేజీవాళ్ళు ఆ కరపత్రాన్ని ఫ్రేము కట్టించి పెట్టారు. తర్వాత సాకెట్లని ఒక్కొక్కటే పెట్టెలో వేసుకున్నాడు, ఈసారి వరస చూసుకోలేదు. మూత ఒక పట్టాన పడలేదు. వేళ్ళు వంగక రెండుసార్లు జారింది. వెర్నా చెయ్యి చాపింది గానీ, అతనే నొక్కి మూసుకున్నాడు.

"ఫర్వాలేదు మిస్. మీకు పనికొచ్చాను కదా" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే వెర్నా తట్టుకునేదేమో. అతను వెళ్ళిపోయాక ప్లేటులో పిజ్జా అలాగే ఉంది. ఆఫీసు అమ్మాయి పట్టీ చాపి సంతకం అడిగింది. వెర్నా చేసింది.